ఉత్తమ రోగి

మనిషికి మనసు కూడా ఉంటుందని ఆరోగ్యశాఖ ఆ సంవత్సరం గుర్తించింది. గుర్తింపు వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అమల్లోకి వస్తుందనీ, అంతకుముందు కలిగిన విచారాలకు శాఖ బాధ్యత వహించదనీ ఉత్తర్వులో స్పష్టంగా రాశారు. ఇకమీదట దిగులు, భయం, నిద్రలేమి, తాగుడు, మత్తుమాత్రల అలవాటు వగైరాలకు ఎవరూ పెద్దాసుపత్రి దాకా పోనక్కర్లేదు. చిన్న ఆసుపత్రుల్లోని డాక్టర్లే చూస్తారు. అందుకు వారికి రెండు రోజుల శిక్షణ. మనసు చాలా లోతైనది కనుక మొదట మూడు రోజులు అనుకున్నారట. హాలు రెండు రోజులకే దొరికింది.

ఉత్తర్వు ప్రతి ఒకటి మన డాక్టరమ్మ బల్ల మీదికి కూడా వచ్చింది.

డాక్టరమ్మకు యాభై ఒకటో ఏడు. ఇరవై రెండేళ్లుగా అదే ఆసుపత్రి, అదే గది. గదిలో బల్ల, రెండు కుర్చీలు, బరువు తూచే యంత్రం, మూలన చేతులు కడుక్కునే సింకు. రోజుకు నూట ముప్పై మంది రోగులు. మనిషికి రెండు నిమిషాలు. పేరు రాయడానికి అర నిమిషం, నోరు తెరిపించడానికి అర నిమిషం, మందు రాయడానికి అర నిమిషం పోగా, మిగిలిన అర నిమిషంలో రోగి తన కష్టసుఖాలన్నీ తీరిగ్గా చెప్పుకోవచ్చు. కొత్త ఉత్తర్వు ప్రకారం ఒక్కొక్కరినీ నలభై నిమిషాలు కూర్చోబెట్టి తొమ్మిది ప్రశ్నలు అడగాలి. రోగుల సంఖ్య మాత్రం తగ్గకూడదు. ఆ లెక్కన రోజుకు ఎనభై ఏడు గంటలు ఉండాలని ఎవరో అన్నారు గాని, అలాంటి మాటలనేవాళ్లకు పనిమీద శ్రద్ధ ఉండదని అందరికీ తెలిసిందే.

డాక్టరమ్మకు మూడేళ్లుగా నిద్ర లేదు. ఒక జ్వరాల కాలంలో ఎవరో తల్లి బిడ్డను ఎత్తుకొచ్చి, మందు చీటీ అందుకున్నాక కూడా కదలకుండా, “ఇంకోటి చెప్పాలమ్మా” అంది. వెనక వరస వీధిలోకి ఉంది. డాక్టరమ్మ “తరవాత” అంది. ‘తరవాత చెప్పు’ అని ఆమె భావం. తరవాతి మనిషిని రమ్మన్నారని వరస అర్థం చేసుకుని ముందుకు తోసుకొచ్చింది. తల్లి వెళ్లిపోయింది. బిడ్డ మర్నాడు పోయింది. ఆ తల్లి చెప్పదలుచుకున్నదేమిటో డాక్టరమ్మకు ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి నిద్రకు అర మాత్ర వేసుకునేది. అర ఒకటైంది, ఒకటి రెండైంది. మధ్యాహ్నం చేతులు కడుక్కునేటప్పుడు కాస్త ఏడుస్తుంది. కుళాయి ధారగా వదిలితే బయటికి వినపడదు. ఇదంతా జబ్బు కాదు. జబ్బైతే ఆమెకు తెలియదా? డాక్టరు కదా.

శిక్షణ ఘనంగా మొదలైంది. మొదటి రోజంతా ప్రారంభోత్సవమే. శాఖ సంచాలకులవారు ‘వినడం: వైద్యుని మొదటి ధర్మం’ అనే అంశం మీద రెండు గంటల నలభై నిమిషాలు మాట్లాడారు. “వినాలి! రోగి చెప్పేది వినాలి! ఎంత సేపు? చెప్పడం అయ్యే దాకా!” అని బల్ల గుద్దారు. ఒక డాక్టరు లేచి ఏదో అడగబోతే, వ్యవధి లేదని కూర్చోబెట్టారు.

రెండో రోజు అభినయ పాఠం. ఒకరు రోగిగా, ఒకరు డాక్టరుగా నటించి చూపాలి. తాగుబోతు వేషానికి ఏడుగురు డాక్టర్లు పోటీపడ్డారు. గెలిచినాయన వేదిక మీదికి తూలుతూ వెళ్లిన తీరు చూసి శిక్షకుడు నిశ్చేష్టుడయ్యాడు. అది నటనేనా అని అడగడం మర్యాద కాదు కనుక ఎవరూ అడగలేదు. దిగులు రోగి వేషానికి మాత్రం ఒక్కరూ రాలేదు. వెనక బెంచీలో ముడుచుకుని కూర్చున్న డాక్టరమ్మను శిక్షకుడు వేలితో చూపి పిలిచి, చేతిలో ఒక చీటీ పెట్టాడు. ‘మీరొక గృహిణి. విచారంగా ఉండండి’ అని ఉంది అందులో.

డాక్టరు వేషం ఒక బట్టతల ఆసామిది. చేతిలో ప్రశ్నల కాగితం పట్టుకుని చదివాడు. “నిద్ర పడుతోందా అమ్మా?”

గృహిణికి నిద్ర పడుతుందో లేదో చీటీలో రాసి లేదు. డాక్టరమ్మ చీటీ తిరగేసి చూసింది. వెనక వైపు ఖాళీ.

“లేదండి. మూడేళ్లయింది” అంది.

“దేని మీదైనా ఆసక్తి తగ్గిందా?”

“ఆసక్తి అంటే గుర్తులేదండి. ఎవరైనా నవ్వుతుంటే, ఎలా నవ్వుతున్నారా అని చూస్తుంటాను.”

“మందులేమన్నా అలవాటున్నాయా?”

“నిద్ర మాత్రలు. అరతో మొదలుపెట్టాను. ఇప్పుడు రెండు. మానేద్దామని మూడుసార్లు చూశాను. చేతులు వణికి, గుండె దడదడలాడి, మళ్లీ వేసుకున్నా.”

“కారణమేమన్నా ఉందా?”

ఆమె బిడ్డ సంగతి చెప్పింది. మూడేళ్లలో ఆ మాట నోటి వెంట రావడం అదే మొదటిసారి. వరస సంగతీ, తల్లి మొహం, ‘తరవాత’ అన్న మాటా అన్నీ చెప్పింది. చెబుతుంటే చీటీ పట్టుకున్న వేళ్లు వణికాయి. చీటీ జారి కింద పడింది.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

“ఆ వేళ్లు చూశారా! ఆ చీటీ జారవిడవడం చూశారా! ముందు సాధన లేకుండా!” అని శిక్షకుడు కళ్లు తుడుచుకున్నాడు. సంచాలకులవారు స్వయంగా లేచి ‘ఉత్తమ రోగి’ జ్ఞాపిక బహూకరించారు. రోగి చిరునామా అడగడం మరిచినందుకు బట్టతల డాక్టరుకు ఒక మార్కు తగ్గించారు.

ఆ సాయంత్రమే పరీక్ష. ప్రశ్నపత్రం వెనకే జవాబులు అచ్చువేసి ఉండటం వల్ల అందరికీ నూటికి నూరు వచ్చాయి. మనసు శాస్త్రం ఆ హాల్లో సంపూర్ణంగా లొంగిపోయింది.

ప్రతిభ దాచితే దాగదు. డాక్టరమ్మను అన్ని శిక్షణలకూ ‘ఆదర్శ రోగి’గా పంపాలని శాఖ నిర్ణయించింది. నెలకు రెండు శిక్షణలు. వెళ్లిన ప్రతిచోటా ఆమె నిజమే చెప్పింది. ప్రతిచోటా చప్పట్లు కొట్టారు. ‘వేదన ప్రదర్శనలో నానాటికీ పురోగతి కనబడుతున్నది’ అని ఆమె ఫైలులో రాశారు.

నటించనక్కర్లేని చోట కూడా ఆమె చెప్పిచూడకపోలేదు. ఓ ఆదివారం మధ్యాహ్నం భర్త పక్కన కూర్చుని, “ఏవండీ, నాకేం బాగుండట్లేదు” అంది. ఆయన కాలేజీలో తర్కశాస్త్రం చెబుతాడు.

“నీకేం తక్కువ?” అన్నాడు.

“తక్కువని కాదు. ఏడుపొస్తోంది.”

“డాక్టరువి, నీకే ఇలాంటివొస్తే మామూలువాళ్లేం కావాలి? ఇంట్లో అన్నావు గాని బయట అనేవు. అందరూ ఏమనుకుంటారు? అంతా మనం అనుకోవడంలో ఉంటుంది. అనుకోకు.”

అనుకోకుండా ఉండటానికి ఆమె మూడో మాత్ర మొదలుపెట్టింది.

ఒకరోజు ఆసుపత్రి తలుపు గడియ వేసి, శాఖవారి ఉచిత సహాయవాణికి ఫోన్ చేసింది. తీయని గొంతు ఊరు పేరు అడిగి, “మీరేం దిగులు పడకండి. మీ దగ్గర్లోనే ఉత్తమ శిక్షణ పొందిన డాక్టరుగారున్నారు” అని ఒక చిరునామా ఇచ్చింది. ఆ ఆసుపత్రి, ఆ గది, ఆ కుర్చీ ఎవరివో పాఠకులు గ్రహించే ఉంటారు. డాక్టరమ్మ థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది.

తొమ్మిదో శిక్షణ నర్సులకు. ఆ రోజు కూడా వేళ్లు వణికాయి, చప్పట్లు మోగాయి. మూడో వరసలో ఓ లావుపాటి సిస్టరు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కళాహృదయం లేని మనిషి అనుకున్నారు పక్కవాళ్లు. విరామంలో ఆవిడ వరండాలో కుళాయి దగ్గరికి డాక్టరమ్మ వెనకే వెళ్లింది.

“డాక్టరమ్మా, ఇప్పుడు రోజుకెన్ని మాత్రలు?”

“నాకా? అది వేషం కదా సిస్టర్.”

“మా అక్క రెండో బ్యాచిలో ఉందమ్మా. అప్పుడు రెండన్నారంట. ఇవాళ మూడున్నర అన్నారు. వేషానికి డోసు పెరగదమ్మా.”

డాక్టరమ్మ కుళాయి ధారగా వదలబోయింది. సిస్టరు చెయ్యి అడ్డం పెట్టి కట్టేసింది.

“నీళ్లెందుకు, ఏడవండి. నేనున్నాగా.”

ఇద్దరూ వరండా మెట్ల మీద కూర్చున్నారు. గంటన్నర కూర్చున్నారు. సిస్టరు తొమ్మిది ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. “ఊఁ” అంది, అంతే. మధ్యలో ఒకసారి “ఆ తల్లి ఏం చెప్పాలనుకుందో నాకూ తెలీదమ్మా” అంది. డాక్టరమ్మ ఆవిడ భుజం మీద తల పెట్టింది. ఈలోగా లోపల పరీక్ష అయిపోయింది. ‘వినడంలో నైపుణ్యం’ పత్రానికి హాజరు కానందున సిస్టరు తప్పినట్టు ప్రకటించారు. ఆ శిక్షణ చరిత్రలో తప్పింది ఆవిడొక్కతే.

తరవాతి పని కూడా ఆ తప్పిన సిస్టరే చూసింది. తనకు తెలిసిన పెద్ద డాక్టరు దగ్గరికి డాక్టరమ్మను వెంటబెట్టుకు వెళ్లింది. మాత్రలు ఒక్కసారి మానకూడదనీ, తన పర్యవేక్షణలో కొంచెం కొంచెంగా, నెలల తరబడి తగ్గించాలనీ ఆయన చెప్పాడు. సెలవు కావలసి వచ్చింది. ‘మానసిక అస్వస్థత’ అని పెట్టిన అర్జీని అటువంటి గడి ఫారంలో లేదని తిప్పి పంపారు. ‘నడుం నొప్పి’ అని రాస్తే ఒక్క పూటలో మంజూరైంది. సంచాలకులవారు త్వరగా కోలుకోవాలని ఆకాంక్షిస్తూ, వంగవద్దని సలహా కూడా ఇచ్చారు.

అయిదు నెలలకు డాక్టరమ్మ తిరిగొచ్చింది. బాధ పోలేదు గాని, దాంతో కూర్చోవడం తెలిసింది. మాత్ర లేకుండా నిద్రపోతోంది. ఒకరోజు భర్త తర్కశాస్త్ర పాఠాన్ని ఇంట్లో అప్పజెబుతుంటే నవ్వింది కూడా.

శాఖ వెంటనే మరో శిక్షణకు పిలిచింది. వేదిక ఎక్కింది. నిద్ర పడుతోందా అంటే పడుతోందంది. వేళ్లు వణకలేదు. హాల్లో ఆవలింతలు మొదలయ్యాయి. శిక్షకుడు ఆమె చెవిలో, “విచారం సహజంగా లేదమ్మా. కాస్త మునుపటిలా చెయ్యండి” అన్నాడు.

డాక్టరమ్మ మైకు తీసుకుంది.

“మునుపు నేను చేసింది నటన కాదండి. నాకు జబ్బే. తొమ్మిది హాళ్లలో చెప్పాను, తొమ్మిది హాళ్లలో చప్పట్లు కొట్టారు. ఒక సిస్టరు కొట్టలేదు, అందుకని బతికాను. ఇప్పుడు బాగున్నాను.”

ఈసారి చప్పట్లు లేవు. ముందు వరసలోని కుర్చీలు రెండంగుళాలు వెనక్కి జరిగాయి. జబ్బున్నంత కాలం ఆమె పక్కన నిలబడి ఫొటోలు దిగినవాళ్లు, నయమైందని తెలియగానే భయపడ్డారు. ‘ఉత్తమ రోగి’ జ్ఞాపికను వాపసు చేయవలసిందిగా వారం తిరక్కుండా తాఖీదు వచ్చింది. నిజమైన రోగులు ఆ పురస్కారానికి అనర్హులట.

ఊరికి విషయం పాకడానికి రెండు రోజులు చాలాయి. మూడున్నర మాత్రలు మింగి, కన్నీళ్లు కుళాయిలో కలిపి, నూట ముప్పై మందిని చూసిన రోజుల్లో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఇప్పుడు తెలివిగా, తెరిపిగా కూర్చుంటే, “పిచ్చి డాక్టరమ్మ దగ్గరికా?” అని పక్కవీధికి తిరిగారు. నూట ముప్పై నలభై అయింది. డాక్టరమ్మకు మాత్రం జీవితంలో మొదటిసారి రోగి చివరి దాకా మాట్లాడే వీలు దొరికింది.

ఆమె రోగులను చూడటానికి యోగ్యురాలా కాదా తేల్చడానికి విచారణ సంఘం వేశారు. సంఘాధ్యక్షుడు నిప్పులాంటి మనిషి అని పేరు. ఒక బుధవారం నాలుగింటికి ఫైలుతో వచ్చాడు. గదంతా కలియజూశాడు. గుమాస్తాను బయట కూర్చోమన్నాడు. తలుపు మూశాడు. కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచి, అందులోకే చూస్తూ మొదలుపెట్టాడు.

“మా స్నేహితుడొకడున్నాడు” అన్నాడు. “నా కోసం కాదు. వాడి కోసమే అడుగుతున్నా.”

“చెప్పండి” అంది డాక్టరమ్మ.

“పొద్దున లేవగానే గ్లాసు పడకపోతే వాడికి చేతులు ఆడవు. ఆఫీసు బీరువాలో ఫైళ్ల వెనక సీసా ఉంటుంది. ఇంట్లో తెలీదు. అనుకుంటున్నాడు, తెలీదని.”

“స్నేహితుణ్ని తొందరపడి ఒక్కసారి మానెయ్యొద్దని చెప్పండి. ప్రమాదం. దగ్గరుండి చూడాలి. మానడానికి మందులున్నాయి.”

“వాడు రాడమ్మా. పెద్ద హోదాలో ఉన్నాడు.”

“పోనీ మీరొస్తూ ఉండండి. ఆయనకు మీరు చెబుదురు గాని.”

అధ్యక్షుడు ఫైలు మూశాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

సంఘం నివేదిక త్వరలోనే వెలువడింది. ‘సదరు డాక్టరు యోగ్యత విషయం ఒక పట్టాన తేలేది కాదు. లోతుగా పరిశీలించవలసి ఉన్నది. కావున ప్రతి బుధవారం నాలుగు గంటలకు అధ్యక్షుడే స్వయంగా, ఒంటరిగా తనిఖీ చేయగలడు.’ ఏడాదిగా తనిఖీ జరుగుతూనే ఉంది. ఇంతటి కఠినమైన విచారణ శాఖ చరిత్రలో లేదని అందరూ మెచ్చుకుంటున్నారు. ఈమధ్య అధ్యక్షుడి చేతిరాత కూడా కుదురుగా ఉంటోందని గుమాస్తా అన్నాడు.

మిగతా ఊరు కూడా వస్తోంది. ముందు తలుపు నుంచి నలభై మందే. సాయంత్రం వెనక తలుపు దగ్గర మాత్రం బెంచీ చాలడం లేదు. ఎవరికీ ఏ జబ్బూ లేదు. ఒకావిడ చెల్లెలి కోసం వచ్చింది, ఒకాయన బావమరిది కోసం. శిక్షణలో నూటికి నూరు తెచ్చుకున్న డాక్టర్లు నలుగురైదుగురు పాత సహాధ్యాయుల కోసం వస్తారు. అందరూ తలలు వంచుకుని కూర్చుంటారు, ఒకరినొకరు చూసుకోరు. పరోపకారబుద్ధి ఇంతగా ప్రబలిన ఊరు మరొకటి ఉండదు.

మీరు ఈ కథ చివరి దాకా చదివింది కూడా ఎవరో తెలిసినవాళ్ల కోసమేనని మాకు తెలుసు. వాళ్లకు చెప్పండి, వెనక తలుపుకు గడియ లేదు.