మూడు చాలన్నచోట అయిదు

శనివారం పొద్దున ఏడింటికి రెజిమెంటల్ బజార్ ల్యాబులో రక్తం ఇవ్వాలి. పదకొండింటికి డాక్టరు దేవకృపకి రిపోర్టు చూపించాలి. ఒంటిగంటకల్లా మెట్టుగూడ ఇంటికొచ్చి గోంగూర పప్పుతో అన్నం తినాలి. భానుప్రియ అనుకున్నది ఇంతే. హైటెక్ సిటీలో వారమంతా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి వచ్చిన మనిషికి అంతకు మించి అనుకునే ఓపిక కూడా లేదు.

రెండేళ్ళ కిందట ఆమె ఎడమ పిక్కలో రక్తం గడ్డ కట్టింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బట. రక్తం పల్చబడే బిళ్ళ రోజూ వేసుకోవాలి, నెలకోసారి పరీక్ష చేయించుకోవాలి. ఫలితం రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. తగ్గితే మళ్ళీ గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఆకుకూరలు ఆ బిళ్ళ జోరు తగ్గిస్తాయి కనక మానేయకుండా, పెంచకుండా, రోజూ ఒకే కొలతలో తినమని డాక్టరమ్మ చెప్పింది.

ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి భానుప్రియ. డిగ్రీ దాకా ఆమెకు తెలిసిన దారి ఒక్కటే, చివరి వారం కూర్చుని చదవడం. దీనికీ అదే దారి పట్టారు. రక్తం ఇచ్చే ముందు వారం ఇంట్లోకి ఆకన్నది రాదు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన తండ్రి ఎల్లాజీ, చారులో కరివేపాకుని సైతం చెంచాతో ఏరి అవతల పెట్టేవాడు. రక్తం ఇచ్చొచ్చిన మధ్యాహ్నం నుంచి మళ్ళీ మూడు వారాలు తోటకూర, బచ్చలి, గోంగూర. వరసగా మూడు నెలలు రెండున్నర వచ్చింది.

పక్కవాటాలో ఉండే టైలరు మౌలా అలీ, గుండె లయ తప్పినందుకు ఒక కొత్త బిళ్ళ వాడుతున్నాడు. దానికి నెలనెలా ఈ పరీక్షలు లేవు.

"పొద్దుగాల ఒక గోలీ, మాపటికొకటి. గంతే బేటీ. సూది తక్లీఫ్ లేదు. నీ డాక్టరమ్మని జెర అడుగు."

ఈసారి కూడా రెండున్నర వస్తే అడగాలని నిశ్చయించుకుంది. ఆ కాలు మళ్ళీ వాచిపోకూడదు, ఈ ల్యాబు బెంచీ మీద మళ్ళీ కూర్చోకూడదు. ఆమెకు కావలసింది ఆ రెండే.

తీరా వెళితే ల్యాబులో మిషను పాడైంది. బుధవారం రమ్మన్నారు.

"గోంగూర వలిచీసినాను గదే. ఇప్పుడేటి సెయ్యాల?" అంది తల్లి అమ్మన్నమ్మ.

"అవతల పెట్టు. వాయిదా పడిందని పుస్తకం మూసేత్తారేటి?" అన్నాడు ఎల్లాజీ.

బుధవారం ఆఫీసులో సెలవు దొరకలేదు. పై రెండు శనివారాలూ డాక్టరమ్మ ఊళ్ళో లేదు. పాత రిపోర్టు ఆవిడ చూడదు, ఆవిడొచ్చాకే రక్తం ఇవ్వమన్నాడు కౌంటరు మనిషి. వాయిదా పడ్డప్పుడల్లా ఎల్లాజీ కట్టడి బిగించాడు. కొత్తిమీర పోయింది. పుదీనా పోయింది. మౌలా అలీ భార్య హనీఫా పంపిన పాలకూర గిన్నె మూత తీయకుండానే వెనక్కి వెళ్ళింది.

"మా చేతి వంట తినరా ఏందీ?" అని హనీఫా రెండు రోజులు ముఖం చాటేసింది. ఎల్లాజీ వెళ్ళి సంగతి చెప్పేసరికి మెత్తబడి, "ఐతే మా ఇంట్ల సుత ఆకు బంద్" అంది.

నాలుగో వారానికి భానుప్రియకు పళ్ళు తోముకుంటే ఉమ్ము ఎర్రగా వస్తోంది. కుర్చీ చెయ్యి తగిలినచోటల్లా మోచేతి మీద నీలపు మచ్చలు. వేడి చేసిందని అమ్మన్నమ్మ సబ్జా నీళ్ళిచ్చింది. భానుప్రియ వాదించకుండా తాగింది.

ఆ శనివారం రక్తం ఇచ్చి ఆమె తిన్నగా క్లినిక్కుకి వెళ్ళింది. రిపోర్టు తెచ్చే పని ఎల్లాజీది. దారిలోనే ఫోన్ చేశాడు.

"అమ్మా, అయిదు పాయింటు రెండు. మూడు చాలన్నచోట అయిదు."

"నాన్నా, అది మంచిది కాదు."

"అలాగంటావేటే. జిలేబీ కొనీసినాను. మౌలా అలీ గారికి సెప్పీసినాను, ముబారక్ అన్నాడు."

డాక్టరమ్మ ఎల్లాజీ తెచ్చిన కాగితం చూసింది, చిగుళ్ళు చూసింది, మోచెయ్యి చూసింది. జిలేబీ పొట్లం వైపు చూడలేదు.

"ఏం తింటోంది?"

"నాలుగు వారాలై ఆకు ముట్టలేదండి," అన్నాడు ఎల్లాజీ నిటారుగా నిలబడి.

"అంతకు ముందు?"

"రక్తం ఇచ్చే వారం తప్పితే, రోజూ ఆకేనండి."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అంటే నేను చూసిన రెండున్నరలన్నీ?"

"చివరి వారంలో తెచ్చుకున్నవేనండి," అంది భానుప్రియ. ఇన్నేళ్ళ చదువులో ఎవరి ముందూ ఒప్పుకోని మాట అది.

"నెలలో మూడు వారాలు గడ్డ కట్టే ప్రమాదంలో ఉండేదానివి. ఇప్పుడు రక్తం కారే ప్రమాదంలో ఉన్నావు. రెండు రోజులు బిళ్ళ ఆపు. సోమవారం మళ్ళీ చూద్దాం. ఈలోగా తలకి దెబ్బ తగిలినా, ఎక్కడన్నా రక్తం ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళు."

"పక్కింటాయన వాడే కొత్త బిళ్ళ..."

"ఆయన గుండెకి అది మంచిదే. నీ జబ్బున్నవాళ్ళకి ఇచ్చి చూస్తే గడ్డలు ఎక్కువొచ్చాయి. నీకు పాతదే." కలం మళ్ళీ తీసుకుని అంది, "ఇవాళ కూడా రెండున్నర వచ్చుంటే ఇక రెండు నెలలకోసారి రమ్మందామనుకున్నాను. ఇప్పుడు వారం వారం రావాలి. ఏ రోజన్నది ముందు చెప్పం. ఫోన్ చేస్తాం, వచ్చి చెయ్యి చాపు."

ఇద్దరూ మెట్లు దిగారు. కింద ఎల్లాజీ పొట్లం చంక మార్చుకుని, "ముందు సెప్పకపోతే మరెలా తయారవుతాం?" అన్నాడు.

మర్నాటి నుంచి అమ్మన్నమ్మ ఆకుకూర కప్పుతో కొలిచి వడ్డించింది. భానుప్రియ తన జీవితంలో మొదటిసారిగా ఏ రోజు పాఠం ఆ రోజే చదవడం మొదలుపెట్టింది.