మా గేటు దగ్గర సెంటు పరీక్ష

కరోనాను పట్టుకోవడానికి ల్యాబులూ, ముక్కులో పుల్లలూ దండగని నేను సగర్వంగా ప్రకటిస్తున్నాను. ఒక్క సెంటు సీసా చాలు!

నమ్మరా? సూరత్‌లో, ఆల్థాన్‌లోని మా అపార్ట్‌మెంటుకు రండి. రెండో వేవ్ మొదలవగానే మా సొసైటీ సెక్రటరీ నర్సింగం గారు ఈ పద్ధతి కనిపెట్టారు. ఆయన తెలంగాణ నుంచి వలస వచ్చిన కుటుంబంలో ఇక్కడే పుట్టి పెరిగిన బట్టల వ్యాపారి. వాసన తెలియకపోతే కరోనా అని టీవీలో విన్నారు. బావమరిది దుబాయ్ నుంచి పంపిన సెంటు బీరువాలో ఉండనే ఉంది. ఇక ఆలస్యమెందుకు?

అది మామూలు సెంటు కాదు. పైపైన మల్లెపూలు, అడుగున డార్క్ చాక్లెట్, నల్ల కాఫీ. పూలజడతో పెళ్ళికూతురు వంటింట్లోకి వెళ్ళి పాకం మాడబెట్టినట్టు ఉంటుంది. పొద్దున్నే దూదికి నాలుగు చుక్కలు అద్ది గేటు దగ్గర గిన్నెలో పెడతారు. లోపలికి వచ్చేవాళ్ళు మాస్కు దించి, వాసన చూసి, జవాబు చెప్పాలి. "మల్లెలు, చాక్లెట్" అన్నవాళ్ళు పాసు. ఊరంతా ఆరడుగుల దూరం పాటిస్తుంటే, మేమంతా ఒకే దూదికి ముక్కు ఆనించడంలోని ఐకమత్యాన్ని గమనించారా?

రిజల్టు కూడా అద్భుతం. జలుబుతో ముక్కు బిగుసుకుపోయిన నేను కూడా పాసే. మూడో అంతస్తు సోమలింగం గారైతే స్కూటర్ దిగకుండానే జవాబు చెప్పేసి లోపలికి వెళ్ళిపోతారు. వాళ్ళింట్లో నలుగురూ దగ్గుతున్నారు. అయితేనేం, మార్కులు మార్కులే కదా!

ఫెయిలైంది మా ఆవిడ ఒక్కతే. కోమలి డాక్టరు. కోవిడ్ వార్డులో డ్యూటీ ముగించుకుని సాయంత్రం వచ్చి, దూది వాసన చూసి నిజం చెప్పింది.

"మల్లెలు ఎప్పుడో ఎగిరిపోయాయండీ. కాఫీ మాడు వాసనే మిగిలింది."

"ఏంది డాక్టరమ్మా, గిట్లంటరు? అందరికొచ్చే మల్లెలు మీకే రావా?" అన్నారు నర్సింగం గారు.

"నిన్ననే టెస్టు చేయించుకున్నాను. నెగెటివ్."

"గదంతా నాకు తెల్వదమ్మా. సొసైటీ రూల్ జర చూడుండ్రి. కొన్ని దినాలు దవాఖానల్నే ఉండుండ్రి."

నిరుడు డాక్టర్ల కోసం పళ్ళేలు మోగించినవాళ్ళంతా బాల్కనీల్లో నిలబడి చూశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కోమలి వెనక్కి తిరిగింది. మా ఐదేళ్ళ శ్రీప్రియ కిటికీ ఊచలు పట్టుకుని అమ్మను పిలుస్తూనే ఉంది.

అయినా లాభాలు చూడాలి కదా! నేను జడ వేయడం నేర్చుకున్నాను. పప్పు మాడ్చకుండా వండుతున్నాను. పాపకు రోజూ వాళ్ళమ్మ వీడియోకాల్‌లోనే అన్నం తినిపిస్తోంది. ముద్ద మాత్రం నేను పెట్టాలి.

ఇవాళ పొద్దున నర్సింగం గారు మా తలుపు కొట్టారు. మాస్కు గడ్డం కిందికి జారిపోయి ఉంది.

"అన్నా, డాక్టరమ్మ ఉన్నదా? మా బాపుకు ఊపిరాడ్తలేదు."

ఆవిడ ఎందుకు లేదో ఆయనకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది. తల దించుకున్నారు. నేను కోమలికి ఫోన్ కలిపాను. "మాటలు తర్వాత. ముందు వాళ్ళ నాన్నగారిని తీసుకురమ్మనండి, బెడ్ నేను చూస్తాను" అంది.

"బయలుదేరండి నర్సింగం గారూ, కంగారు పడకండి" అన్నాను. "అక్కడ గేటు దగ్గర ఎవరినీ ఏ వాసనా అడగరు."