పడవలో సూప్ డబ్బా

"మా బెల్వెదర్ సూప్ నాటకంలో మాకు నచ్చని ఈగ ఒక్కటి కూడా వాలదు!" అని ఆ ఉదయం ప్రెంటిస్ ప్రకటించాడు. ఆయన సూప్ కంపెనీ తరఫు మనిషి. న్యూయార్క్‌లోని ఆ టీవీ స్టూడియో నుంచి వారానికో కొత్త నాటకం, ఆడుతుండగానే, నేరుగా దేశం మీదికి ప్రసారమవుతుంది. ఖర్చు సూప్‌ది కాబట్టి పెత్తనమూ సూప్‌దే.

సాయంత్రం నాటకంలో ఓడ మునిగి, ముగ్గురు నావికులు చిన్న పడవలో తిండిలేక మాడుతుంటారు. రాసింది ఇర్మా లెస్కో. రిహార్సల్ చూసిన ప్రెంటిస్ ముఖం చల్లారిన సూప్‌లా తెట్టు కట్టింది.

"మిస్ లెస్కో, వీళ్లకి ఆకలేంటండీ? మా పరువేం కాను? పడవలో నాలుగు సూప్ డబ్బాలు పెట్టించండి."

"సూప్ ఉంటే కెప్టెన్ ఎలా చస్తాడు?"

"చావొద్దు. కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకోమనండి."

"ఒక్క మాట మార్చను. కావాలంటే నన్ను పీకెయ్యండి."

"పీకేస్తా! ఈ పూట గడవనివ్వండి."

పంతం పట్టిన ప్రెంటిస్ మధ్యలో సూప్ ప్రకటన చెప్పే బల్లను ఈడ్చుకొచ్చి పడవ పక్కనే వేయించాడు. ఆకలి చూసిన కళ్లకు వెంటనే సూప్ కనబడాలట.

"సార్, కెప్టెన్ వేషగాడు క్రుగ్ నిన్నట్నుంచి ఏం తినలేదు. పాత్ర సహజంగా ఉండాలని ఉపవాసం," అన్నాడు డైరెక్టర్.

"అయితే నాకేంటయ్యా? బల్ల అక్కడే!"

రెండో అంకం చివర క్రుగ్ దేశమంతా ఏడ్చేలా చనిపోయాడు. కెమెరా బల్ల వైపు తిరిగింది. ప్రకటన చెప్పే అమ్మాయి పొగలు కక్కే సూప్‌ను గిన్నెలో పోసింది. వాసన పడవను చేరింది. శవం లేచింది. పడవ దిగి, సముద్రం మీద నడిచొచ్చి, ఆమె చేతిలో గిన్నె లాక్కుని గటగటా తాగేసింది.

వెనక్కి పొమ్మని ప్రెంటిస్ మూలనుంచి చేతులు ఊపాడు. ఇంకోటి తాగమంటున్నాడనుకుని క్రుగ్ రెండో గిన్నె అందుకున్నాడు. మిగతా నావికులు మాత్రం ఏం పాపం చేశారు? వాళ్లూ దిగొచ్చారు.

ఆ అమ్మాయి చిరునవ్వు చెక్కు చెదరలేదు. "చచ్చినవాళ్లు కూడా వద్దనలేని సూప్, బెల్వెదర్!"

మూడో అంకంలో క్రుగ్ మూతి తుడుచుకుని మళ్లీ శవమయ్యాడు. పక్కవాళ్లు త్రేన్పుల మధ్య ఆకలి గురించి విలపించారు. ఇర్మా రాసిన మాట ఒక్కటి మారలేదు.

మర్నాడు దుకాణాల్లో అంతా అమ్ముడైపోయి సూప్ డబ్బా అన్నది కనబడలేదు. ప్రెంటిస్ పూలగుత్తితో వచ్చాడు.

"మిస్ లెస్కో! నిన్నటిది మర్చిపోండి. ఉద్యోగం మీదే. ఇకనుంచి ప్రతి నాటకంలో ఒకడు ఆకలితో చావాలి, అంతే!"

"వచ్చే వారం పెళ్లి విందు కథ."

"పెళ్లికొడుకు చావకూడదా?"

"చావడు."

"పోనీ, మామగారు?"

"ఒక్క మాట మార్చను. పీకుతారా?"

దుకాణాలన్నీ ఆమె నాటకం పేరు చెప్పే సూప్ అమ్ముతుంటే ఏం పీకుతాడు?

ఆ పెళ్లిలో అందరూ కడుపు పగిలేలా తిన్నారు. సూప్ మాత్రం వడ్డించలేదు.