ఆరు గీతల చేప, మూడో కోరిక

పల్వానియాజ్ సముద్రానికి పురుగు పట్టింది.

సముద్రమంటే మరీ పెద్దదేం కాదు. నుకుస్ పట్నంలో అతని ఇంట్లో, గుమ్మానికి ఎదురుగోడన, పెద్ద అతిథుల్ని కూర్చోబెట్టే తోర్ అనే గౌరవస్థానంలో పెట్టిన గాజుతొట్టి. అందులో ఉప్పునీళ్ళు, ఇసుక, రాళ్ళు, పగడాలు, ఒక నారింజరంగు చేపల జంట. అసలు సముద్రం ఒకప్పుడు అతను పుట్టిన మొయ్‌నాక్ ఊరి గడపదాకా ఉండేది. అతను ఏడో తరగతిలో బడి మానేసే నాటికి అది ఎండుకుంటూ వెనక్కి పోయి ఊరినే మానేసింది. బడి మానేసినందుకు అతన్ని తండ్రి తోలుబెల్టుతో వాయించాడు. సముద్రాన్ని అడిగిన నాథుడు లేడు.

ఇప్పుడతను ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. తొట్టి నీళ్ళని చల్లగా ఉంచేది కూడా ఒక పాత ఫ్రిజ్ గుండెకాయే. ఊరి గాలి నిండా ఎండిన సముద్రపు ఉప్పు. కళ్ళలో, రొట్టెలో, ఆరేసిన దుప్పట్లలో ఉప్పు. ఆ ఉప్పు మాత్రం తొట్టికి పనికిరాదు. తాష్కెంట్ నుంచి సంచీల్లో కొని తెప్పించాలి. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఈ సంగతి చెప్పి, నవ్వితే కోప్పడతాడు, నవ్వకపోతే తిడతాడు.

పురుగులు నువ్వుగింజంత ఉన్నాయి, తుప్పురంగులో. పగడాల మీద వెలుగు పడకుండా దుప్పటి కప్పినట్టు పరుచుకున్నాయి.

"నీ సముద్రానికి గజ్జి పట్టిందయ్యా," అంది భార్య అయిమ్‌ఖాన్, టీ పోస్తూ. "నా సారె పెట్టెనీ, దాని మీద పేర్చిన పరుపులనీ నడవాలోకి తోసి దీన్ని తోర్‌లో కూర్చోబెట్టావు. వచ్చిన చుట్టాలు దాని కింద కూర్చుని గోక్కుంటున్నారు."

"పురుగులు నీళ్ళలో ఉన్నాయే. చుట్టాలు బయటున్నారు."

"ఆ సంగతి చుట్టాలకి చెప్పు. మీ అక్కా వాళ్ళు విందుకొచ్చే లోపల అవి పోవాలి. లేదా తొట్టి పోవాలి."

తొట్టి పోవాలన్న మాట పల్వానియాజ్ గుండెలో గుచ్చుకుంది. రోజూ సాయంత్రం తొట్టి మూత కొంచెం ఎత్తి, ముక్కు లోపల పెట్టి, కళ్ళు మూసుకోవడం అతనికి అలవాటు. ఆ కాసేపే, చేపలు పట్టే తండ్రి పడవ కళ్ళ ముందు కదిలేది. మిగతా రోజంతా ఫ్రిజ్‌లే.

మందు వేస్తే పురుగులు చచ్చి నీళ్ళలో విషం కక్కుతాయి. కాబట్టి వాటిని తినే చేపని వదలాలి. రాస్ అని ఒక జాతి ఉంది. తాష్కెంట్‌లో చేపలమ్మేవాడికి స్పీకరు పెట్టి ఫోన్ చేశాడు. అయిమ్‌ఖాన్ పక్కనే పిండి పిసుకుతూ వింది.

"రెండున్నాయన్నా," అన్నాడు చేపలవాడు. "ఒకటి ఆరు గీతల రాస్. వేలెడంత ఉంటుంది, పులిలా వేటాడుతుంది. కాకపోతే కడుపు నిండాక తొట్టి తనదే అనుకుంటుంది. రెండోది పసుప్పచ్చ రాస్. నెమ్మదస్తురాలు. నిదానంగా తింటుంది, పొద్దుగూకితే ఇసుకలో దూరి పడుకుంటుంది."

"పసుప్పచ్చది తీసుకో," అంది అయిమ్‌ఖాన్.

"నేను సంబంధం చూడట్లేదే. వేటగాణ్ణి చూస్తున్నాను."

"వేట అయ్యాక వేటగాడు ఎక్కడుంటాడు? మనింట్లోనే కదా?"

"ఇంకో విశేషం," అన్నాడు చేపలవాడు. "ఈ జాతిలో మగది పోతే పెద్ద ఆడదే మగదిగా మారిపోతుంది."

"మాయింట్లో మగది పోకుండానే మారింది తమ్ముడూ," అంది అయిమ్‌ఖాన్. "తలుపు గొళ్ళేలు ఎవరు బిగిస్తున్నారో మీ అన్ననడుగు."

పల్వానియాజ్ ఆరు గీతలదే తెప్పించాడు. భార్య చెప్పిందానికి ఎదురుగా నడవడమే అతనికి మిగిలిన స్వాతంత్ర్యం.

రైలు అటెండరు థర్మాకోల్ పెట్టెలో తెచ్చిచ్చిన ఆ చేప ఊదారంగు ఒంటి మీద నారింజ గీతలతో పెళ్ళికొడుకులా దిగింది. రెండు వారాలు తిరక్కుండా పురుగుల్ని ఏరుకుతింది. పగడాలు మళ్ళీ వేళ్ళు విప్పాయి. పల్వానియాజ్ మీసం దువ్వుకుంటూ వీధంతా తిరిగాడు.

పురుగులు అయిపోయాక చేప నారింజ జంట మీద పడింది. వాటిని పంపు వెనక మూలకి తరిమి, తోకలు కొరికి, తిండికి కూడా రానివ్వలేదు. వల వేస్తే రాళ్ళలో మాయం. వల తీస్తే ప్రత్యక్షం.

"ఇల్లరికం అల్లుడు కాపురం పెట్టాడు," అంది అయిమ్‌ఖాన్. "రాళ్ళన్నీ తీసి తొట్టి ఖాళీ చేస్తే తప్ప దొరకడు."

"ఖాళీ చేస్తే మళ్ళీ నిలబెట్టనిస్తావా?"

ఆవిడ పిండిని గట్టిగా బాదింది.

అప్పుడు పల్వానియాజ్ బుర్రలో పథకం పుట్టింది. అక్క కొడుకు మద్రేయిమ్ విందుకొస్తున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, పొట్ట ముందు, తను వెనక. అక్కడి కోడళ్ళు మొగుడి తరఫు మగాళ్ళని పేరు పెట్టి పిలవరు, తలా ఒక బిరుదు తగిలిస్తారు. ఇతనికి అయిమ్‌ఖాన్ తగిలించిన బిరుదు ఇంకొంచెం దొర. మేనల్లుడు మేనమామ ఇంట్లో జీవితంలో మూడు కోరికలు కోరవచ్చు, మామ కాదనకూడదు. కాదంటే ఊరంతా కలిసి నములుతారు. మద్రేయిమ్ మొదటి కోరికగా తాతగారి నక్కతోలు టోపీ పట్టుకుపోయాడు, రెండోసారి పక్కబండి ఉన్న మోటారుసైకిలు. మూడోది ఎప్పుడు అడుగుతాడో, తొట్టినే అడుగుతాడేమోనని పల్వానియాజ్‌కి ఏళ్ళ తరబడి భయం.

ఆ మూడోదాన్ని ఈ చేప మీద ఖర్చు పెట్టించేస్తే? చేప పోతుంది, భయమూ పోతుంది, తొట్టి మిగులుతుంది. పట్టుకునే పాట్లు అల్లుడివి.

విందు రోజు మద్రేయిమ్ మాంసం పళ్ళెం ముందు కూర్చోగానే పల్వానియాజ్ మొదలుపెట్టాడు.

"చూశావట్రా అల్లుడూ ఆ చేపని? ఈ చుట్టుపక్కల అలాంటిది ఇంకొకటి లేదు. ఎవడడిగినా ఇవ్వను. ఎవడైనా హక్కున్నవాడు అడిగితే తప్ప."

"బాగుంది మామా," అన్నాడు మద్రేయిమ్ ఎముక చప్పరిస్తూ.

"గీతలు చూడు. బంగారం పోత పోసినట్టు లేవూ?"

"ఉన్నాయి. అత్తా, ఇంకొంచెం."

అయిమ్‌ఖాన్ మాంసం వడ్డించి, అల్లుడి వైపు ఒకసారి చూసి వెళ్ళింది. ఆ చూపుని పల్వానియాజ్ గమనించలేదు. అతను చేప గుణగణాలలో మునిగి ఉన్నాడు.

మద్రేయిమ్ చేతులు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు.

"మామా, మూడోది అడుగుతున్నాను."

అందరూ నమలడం ఆపారు. పల్వానియాజ్ బలవంతాన దిగులు మొహం పెట్టాడు. "అడుగు నాయనా. హక్కు నీది."

"ఆ తొట్టి ఉన్న చోటు కావాలి."

"తొట్టా?"

"తొట్టి నాకెందుకు, దాని కింద చోటు. నేనొచ్చినప్పుడల్లా ఆ గోడకి ఆనుకుని కూర్చుంటాను. నేను లేనప్పుడు అత్త పెట్టే పరుపులూ అక్కడ నా తరఫున కూర్చుంటాయి."

అక్క వెంటనే, "ఇచ్చానను తమ్ముడూ," అంది. పల్వానియాజ్ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "ఇచ్చాను," అన్నాడు. ఆ మాటతోపాటు లోపల ఏదో ఎండిపోయింది.

ఇక ఇంట్లో బకెట్లు, బిందెలు, పులావు వండిన పెద్ద కళాయి, బట్టలుతికే తొట్టి, అన్నీ బయటికొచ్చాయి. చుట్టాలు వరసకట్టి సముద్రాన్ని మోశారు. ఎవరో పగడాన్ని సమోవర్ పక్కన పెట్టబోతే పల్వానియాజ్ కేక పెట్టాడు. మద్రేయిమ్ జారిపడి సగం బిందె తన ఒళ్ళోనే పోసుకున్నాడు. రాళ్ళన్నీ తీసి, నారింజ జంటని బకెట్లోకి మార్చాక జానెడు నీళ్ళలో ఆరు గీతలవాడు ఒంటరిగా తిరుగుతూ కనపడ్డాడు. అయిమ్‌ఖాన్ టీ వడకట్టే జల్లెడతో ఒక్క ఊపులో తీసి సీసాలో వేసింది.

అప్పుడు గది నిండా వాసన లేచింది. తడిరాయి, ఉప్పు, పాచి. అక్క మోస్తున్న బకెట్టు కింద పెట్టి అక్కడే కూలబడింది. "నాన్న చొక్కా వాసన," అంది. మద్రేయిమ్ ఆ తర్వాత ఇంకొంచెం అడగలేదు.

పల్వానియాజ్ బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు. "ఇప్పుడివి ఎక్కడ పొయ్యను? వీధి కాలవలోనా?"

"ఇటు తీసుకురా," అంది అయిమ్‌ఖాన్ వంటింట్లోంచి.

వంటింటి కిటికీ పక్కన ఇటుకల దిమ్మె కట్టి ఉంది. మీద తెల్ల సిమెంటు, పక్కన కొత్త ప్లగ్గు. రొట్టెల పిండి బస్తాలు అన్నాళ్ళూ దానికి అడ్డంగా ఎందుకు పేర్చిందో అతనికప్పుడు అర్థమైంది.

"ఎప్పుడు కట్టావే?"

"నువ్వు మీసం దువ్వుకుంటూ ఊరేగుతున్నప్పుడు."

"నాతో చెప్పొచ్చుగా. అల్లుడితో అడిగించడం దేనికి?"

"సముద్రం తోర్‌లోనే ఉండాలని దెబ్బలాడేవాడివి." దిమ్మె మీదికెక్కించిన తొట్టిలో ఆవిడ తలెత్తకుండా నీళ్ళు పోస్తోంది. "వచ్చిన ప్రతివాడూ దాని ముందు కూర్చున్నాడు. నేను వాళ్ళ వీపులు చూస్తూ టీ పోశాను. మా నాన్నదీ పడవ బతుకే, దాని మీదే పోయాడయ్యా. నాకు ఊపిరాడని రోజుల్లో నువ్వు ఇంట్లో లేనప్పుడు మూతెత్తుకునేదాన్ని. పొయ్యి మీద రొట్టె మాడిపోయేది."

పల్వానియాజ్‌కి మాడిన రొట్టెలు గుర్తొచ్చాయి. వాటికోసం తను పెట్టిన రాద్ధాంతం కూడా గుర్తొచ్చి తల వంచుకున్నాడు.

ఆరు గీతలవాడు వచ్చిన రైల్లోనే తాష్కెంట్ తిరిగెళ్ళాడు. బదులుగా పసుప్పచ్చది దిగింది. అయిమ్‌ఖాన్ చేపలవాడికి ముందే చెప్పి పెట్టిందట. ఆ చేప వచ్చిన వెంటనే ఇసుకలో దూరి కనపడకుండా పోయింది. మర్నాడు పనికి వెళ్ళేముందు పల్వానియాజ్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చా?"

"రా. గట్టిగా అడుగులెయ్యకు, ఇసుక కదుల్తోంది."

స్టూలు ఒక్కటే ఉంది. దాని మీద ఆవిడ కూర్చుంది. అతను వెనకాల నిలబడి, ఆవిడ భుజం మీదుగా చూశాడు. ఇసుకలోంచి ముందు ఒక కన్ను, తర్వాత పసుప్పచ్చటి మొహం బయటికొచ్చింది.

"మూత ఎత్తనా?" అన్నాడు మెల్లగా.

"నేనెత్తుతాను," అంది. కాస్త పక్కకి జరిగింది, అతని ముక్కుకి కూడా చోటు వదులుతూ.