కుడిగుండె పెద్దమనుషులు

గుండె ఎడమవైపు ఉండటం మర్యాదస్తులకు తగిన పని కాదని 1943లో మా అనకాపల్లి పెద్దమనుషులు ఏకగ్రీవంగా తీర్మానించారు! దేవుడికి పువ్వు పెట్టేది కుడిచేత్తో, కొత్తకోడలు ఇంట్లో పెట్టేది కుడికాలు, మరి గుండె ఒక్కటీ ఎడమవైపు ఏడవడమేమిటి? న్యాయమైన ప్రశ్నే. ఆ తీర్మానాన్ని గుండ్రటి దస్తూరీతో రాసింది నేనే. నా పేరు నాగూర్ మీరా. ఊళ్ళో ఆస్పత్రి కాంపౌండర్ని.

దీనికంతటికీ మూలం బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే దేముడు అనే కూలీ. యుద్ధం రోజులు కదా, మిలిటరీలో చేరతానని పరీక్షకి వచ్చాడు. డాక్టర్ త్రినాధరావుగారు ఎడమవైపు గొట్టం పెట్టి విన్నారు. చప్పుడు లేదు. మనిషి మాత్రం ఎదురుగా నిలబడి ఆవులిస్తున్నాడు! గొట్టం కుడివైపు పెడితే అక్కడుంది గుండె, దర్జాగా కొట్టుకుంటూ.

"ఏటి బాబూ, ఉజ్జోగం పోయినట్టేనా?" అన్నాడు దేముడు.

పోయింది. ఫారంలో గుండె కోసం అచ్చేసిన గడి ఎడమవైపుదొక్కటేనట.

డాక్టరుగారికి మాత్రం ఆనందం పట్టలేదు. మర్నాడు పెద్దమనుషుల్ని పిలిచి, రెండురోజులు పొదిగిన కోడిగుడ్డు పగలగొట్టి భూతద్దం కింద పెట్టారు. ఆవగింజంత ఎర్రచుక్క టకటకా కొట్టుకుంటోంది.

"మొదట పిండానికి కుడీ ఎడమా తేడా లేదండి. గుండె నడిమధ్యన నిటారుగా ఉన్న ఓ గొట్టం. తర్వాత ఓ పక్కకి ఒంగుతుంది. ఏ వేలమందిలోనో ఒకరికి అది రెండోపక్కకి ఒంగుతుంది. దేముడిలాంటి వాళ్ళకి గుండె కుడికి, కాలేయం ఎడమకి, అపెండిక్సు ఎడమకి, అన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడతాయి."

"ఎటు ఒంగాలో దానికెవరు చెప్తారు?" అని అడిగారు భీమశంకరరావుగారు. బెల్లం వర్తకులు, మా ఆస్పత్రి కమిటీకి ప్రెసిడెంటు.

"అది ఇంకా ఎవరికీ తెలీదండి."

"నాకు తెలుసు. మంచి కుటుంబమైతే గుండె దానంతటదే కుడికి చేరతాది!"

"మరి దేముడికో?"

"వాడికి పొరపాటున చేరుంటాది."

వారం తిరక్కుండా దక్షిణ హృదయ సంఘం, అంటే కుడిగుండెల సంఘం, వెలిసింది. భీమశంకరరావుగారు అధ్యక్షులు, ప్లీడరు అబ్బులుగారు కార్యదర్శి. సభ్యత్వానికి గుండె కుడివైపే ఉందని డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. డాక్టరుగారు ససేమిరా అన్నారు.

"పాడేరు నీళ్ళు మీకు పడతాయేటి డాక్టరుగారూ?" అని ప్రెసిడెంటుగారు ఆప్యాయంగా పరామర్శించారు.

ఆ మన్యానికి బదిలీ అయినవాళ్ళు చలిజ్వరం తోడు లేకుండా తిరిగిరారు. ఆ సాయంత్రమే పదిహేడు గుండెలు కుడివైపుకి చేరాయి! దర్జీ లాల్ అహ్మద్‌కి అన్నం తినే తీరిక లేదు. పదిహేడుమంది చొక్కాలకీ జేబులు ఊడదీసి కుడివైపు కుట్టాలి. దేముడి దరఖాస్తు మాత్రం తిరస్కరించారు. గుండె కుడివైపు ఉన్నంతమాత్రాన సభ్యత్వం ఇచ్చేస్తే సంఘానికి గౌరవం ఏముంటుందని అబ్బులుగారు ఉపన్యసించారు. నాకు సిగ్గేసింది. అయినా దేముడికి ఆ ఉత్తరం రాసిందీ నేనే.

సంఘం మొదటి వార్షికోత్సవంలో, ఉపన్యాసం మధ్యలో, ప్రెసిడెంటుగారు పొట్ట పట్టుకుని కూలబడ్డారు. దేముడే ఆయన్ని భుజాన వేసుకొచ్చి ఆస్పత్రి బల్లమీద పడుకోబెట్టాడు. వెనకే సంఘమంతా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"నొప్పి ఎటువైపండి?" అన్నారు డాక్టరుగారు.

ప్రెసిడెంటుగారు గుమ్మం వైపు ఓ చూపు చూసి, ఎడమవైపు చూపించారు. డాక్టరుగారు ఎడమవైపు నొక్కితే చిరునవ్వు నవ్వారు. కుడివైపు నొక్కితే పెంకులు లేచిపోయేలా అరిచారు!

"ఎడమవైపు నొప్పికి కుడివైపు అరుస్తారేమిటండీ?"

"అలవాటు," అన్నారాయన, చెమటలు కక్కుతూ.

"అపెండిక్సు. పగిలిందంటే ప్రాణం దక్కదు. ఇప్పుడే కొయ్యాలి. సర్టిఫికెట్ ప్రకారం గుండె కుడి గనక ఇది ఎడమవైపు," అంటూ డాక్టరుగారు ఎడమవైపు అయోడిన్ పూసేశారు. ఆయన మొహంలో నవ్వు జాడ లేదు. "నాగూర్ మీరా, క్లోరోఫారం!"

గుడ్డమీద రెండు చుక్కలు వేశానో లేదో, ప్రెసిడెంటుగారు నా మణికట్టు పట్టుకున్నారు.

"ఒరే నాగూరూ, ఆగరా! నాది ఎడమేరా. పుట్టినకాడ్నించీ ఎడమే. డాక్టరు చెవిలో సెప్పరా!"

ఆ మనిషి కళ్ళలో నీళ్ళు చూసి నాకు జాలేసింది. డాక్టరుగారికి వెయ్యలేదు.

"చెవిలో చెబితే చెల్లదు. సర్టిఫికెట్ రాతలో ఉంది గనక రద్దూ రాతలోనే ఉండాలి. సాక్షి సంతకంతో సహా."

రాశాను. 'నా హృదయము సామాన్య ప్రజల హృదయముల వలెనే ఎడమవైపున యున్నది. ఇది నేను స్పృహలో యుండి వ్రాయించినది.' ప్రెసిడెంటుగారు సంతకం పెట్టారు. సాక్షిగా అబ్బులుగారిని లోపలికి పిలిచాను. ఆయన చదివారు. దగ్గారు. ప్రెసిడెంటుగారి సంతకం కిందే తన సంతకం పెట్టేశారు.

"అక్కడ కాదండీ, సాక్షులు ఈ పక్కన!"

"నాకూ ఒక్కోసారి కడుపులో పట్టేత్తాదయ్యా," అన్నారు మెల్లిగా. "ఎందుకేనా మంచిది."

ఆ మాట గుమ్మం దాటింది. మరుక్షణం మిగతా పదిహేనుమందీ లోపల వరస కట్టారు! సాక్షిగా ఉండటానికి ఒక్కడూ లేడు, అందరూ ముద్దాయిలే. చివరికి దేముడి చేత వేలిముద్ర వేయించాను.

అంతటితో అయిపోలేదు. వరసలో ముందు ఎవరుండాలన్నది తేలలేదు. సభ్యత్వ సంఖ్య ప్రకారమని కొందరు, వయసు ప్రకారమని కొందరు. సంఘం నియమావళి తీసి చదవమని అబ్బులుగారు నన్ను ఆజ్ఞాపించారు. నేను రెండో పేజీలో ఉండగా బల్లమీంచి కేక వినపడింది.

"మీ సంతకాలు తగలెయ్య! ముందు నన్ను కొయ్యండ్రా! ఎడమ గుండెరా నాది! ఊరంతా వినండ్రా, ఎడమ!"