పెరుగుచెంచా గండము దాటిన దేదీప్య

ముట్టిన స్టీరింగు చేయి కాల్చు జూన్ మాసమున, అరిజోనా మండలాలంకారమగు చాండ్లర్ పట్టణమున, మేడమీది గదిలో, కుర్చీయే రథముగా, మౌసే ఖడ్గముగా, ల్యాప్‌టాప్ సమ్ముఖమున ఆసీనురాలైన ఆ వీరబాల యెవ్వరు? రెండు ప్రపంచసంగ్రామములను, ఒక శీతలసమరమును చదువక వదలివేసి, టెన్త్ గ్రేడు వరల్డ్ హిస్టరీలో ఎఫ్ అను ఏకాక్షర శరాఘాతమునకు కూలిన దేదీప్యయే!

పోయిన క్రెడిట్టును ఆన్‌లైను కోర్సుచే వేసవిలో మరల గెలుచుకొమ్మని బడివారు దయతలచిరి. డెబ్బది శాతము వచ్చెనా, గట్టెక్కును. రాలేదా, బడి తెరవగానే ఏడాది చిన్నదైన చెల్లెలు నైనిక ప్రక్కన అదే క్లాసులో కూర్చుండవలెను. "అక్కా, నోట్స్ కావాలంటే నన్ను అడుగు" అని ఆ నైనిక ఇప్పటినుండే పుండుమీద కారము చల్లుచుండెను.

ఫైనలు పరీక్షకు అవకాశములు రెండే. కాపలా కాయు ల్యాప్‌టాప్ కెమెరా రెండవ మొగము గాంచెనా, పరీక్ష తక్షణము మూతపడును. నిన్న అట్లే మూతపడెను. పరీక్ష వ్రాయు బిడ్డ నోట పెరుగూ చక్కెరా పెట్టుట మరచితినని, విజయవాడనుండి వచ్చియున్న అమ్మమ్మ ఛాయాదేవి, మూడవ ప్రశ్నకడ చెంచాతో సహా కెమెరాలో సాక్షాత్కరించెను.

కావున నేడు దేదీప్య గుమ్మమున నిలిచి, "ఓ మాతామహీ! దధిశర్కరాహస్తా! ఈ ద్వారసీమ నతిక్రమించితివేని నా భవిష్యద్రాజ్యము భస్మమగును!" అని గర్జింపదలచెను గాని, నోట వచ్చినది ఇంతే:

"అమ్మమ్మా, ప్లీజ్. పెరుగు ఇప్పుడే పెట్టు. తర్వాత లోపలికి రావద్దు, ఓకే?"

"రానే తల్లీ. నిన్న నావల్లే పోయింది. ఇక్కడే కూర్చుంటా, కిక్కురుమననులే."

ఆ మాటకు దేదీప్య మనసు కరిగెను. నిన్న కసురుకొన్నందుకు సిగ్గుపడెను.

అంతట సరాయెవో తుపాకిమ్రోతను దాటి, వెర్సాయి సంధిపత్రమును త్రొక్కి, బెర్లిను గోడను మౌసుపోటున కూల్చి, ఆ వీరబాల కడపటి ప్రశ్నకడ తడబడి పైకే చదివెను:

"ఇండియాలో సాల్ట్ మార్చ్... నైన్టీన్ ట్వంటీ? థర్టీ?"

గుమ్మమవతల గాజులు గల్లుమనెను. చిన్ననాడు వల్లెవేసిన సంవత్సరము నాలుక చివరకు రాగా ఛాయాదేవి కొంగు నోట కుక్కుకొనెను. అమ్మమ్మకు తెలియునని దేదీప్యకు తెలిసెను. వెనుదిరిగి ఒక్క చూపు చూచిన చాలును. అయినను తిరుగక, పండ్లు బిగించి, ట్వంటీపై నొక్కెను.

ఉప్పు తప్పెను. అయినను తెరపై డెబ్బది వెలిగెను! అరవైతొమ్మిది కాదు, డెబ్బది!

"అమ్మమ్మా, పాస్!"

"మిగతా ముప్పై ఏమయ్యాయే?" అనబోయి మ్రింగుకొని, "సరేలే, క్లాసులో ఫస్ట్ ఎవరు?" అని ఛాయాదేవి అడిగెను.

"నేనే. క్లాసులో నేనొక్కదాన్నే ఉన్నాను."

జయము! తనతో తాను పోరి ప్రథమస్థానము గైకొన్న దేదీప్యకు జయము! తెలిసియు పలుకక కూర్చున్న అమ్మమ్మకు అంతకంటె జయము! "మా దేదీప్య క్లాస్ ఫస్ట్" అను విజయఘోష తక్షణమే ఫోనులో విజయవాడ చేరెను. క్లాసులో ఎందరో చెప్పుటకు నైనిక నోరు తెరిచెను. తెరిచిన ఆ నోట మిగిలిన పెరుగుచెంచా పడెను.