పాము సంతకం

ఒక పెద్ద అడవిలో, వానలు ఇంకా రెండు నెలలున్నాయనగా, పేరిందేవి అనే ముంగిస ఇంటి అప్పు కోసం కాగితాలు పట్టుకుని బయల్దేరింది. పోయినేడు బొరియలోకి నీళ్ళొచ్చి ఆవిడ కడగొట్టు పిల్ల కొట్టుకుపోయింది. మిగిలిన మూడింటినీ ఎత్తు మీద, పొడిగా ఉండే ఇంట్లో పెట్టుకోవాలి. ఆవిడకి కావలసింది అంతే.

అప్పులిచ్చేది రాబందుల గృహ రుణ సంఘం. ఒకప్పుడు ఈ రాబందులు అడిగినవాడికీ అడగనివాడికీ ఇళ్ళిచ్చేవి. జన్మలో గూడు కట్టని కోకిలకి కూడా రెండు గదుల ఇల్లు అంటగట్టాయి. వాయిదా తప్పితే ఇల్లు వాళ్ళది, ఇంట్లోవాళ్ళు ఆకలితో పోతే ఆ శవాలూ వాళ్ళవే. సగం అడవి రోడ్డున పడ్డాక సింహానికి మెలకువ వచ్చి ఒక చట్టం చేసింది. తీర్చే శక్తి ఉందో లేదో చూసి మరీ అప్పివ్వాలని. చక్కటి చట్టం. దాని అమలుకి కొంగ శంభులింగం గారిని కూర్చోబెట్టారు, ఆ చక్కదనం అక్కడితో సరి.

శంభులింగం గారు ఒంటికాలి మీద నిలబడి దరఖాస్తు చూశాడు.

"ఆదాయం?"

"రోజుకొక పామండి. ఒక్కోరోజు రెండు."

"వాయిదా నెలకొక పాము, మూడేళ్ళపాటు. బాగానే ఉంది. పాత బాకీలు?"

"లేవండి."

"మరి ఈ ఆదాయం ఆ మూడేళ్ళూ వస్తూనే ఉంటుందని, ఇచ్చేవారి నుంచి ధ్రువపత్రం ఏదీ?"

"ఇచ్చేవారంటే?"

"పామమ్మా! పాము సంతకం కావాలి."

"అయ్యగారూ, నేను దాన్ని తింటానండి. సంతకం ఎలా పెడుతుంది?"

"తినకముందు పెట్టించుకో."

"ఇదిగో, ఈ గట్టు వెనకే ఒకటుంది. మీ కళ్ళముందే పట్టి చూపిస్తానండి."

"నేను చూస్తే ఏం లాభం? నా చూపు ఫైల్లోకి ఎక్కదు కదా," అన్నాడు శంభులింగం గారు, ఎంతో ఓపికగా.

పేరిందేవి తిన్నగా జెర్రిపోతుల పెద్ద బసవయ్య పుట్ట దగ్గరికి వెళ్ళింది. పనేమిటో చెప్పేసరికి నవ్వి నవ్వి అతని చుట్టలు వదులైపోయాయి.

"అంటే, మూడేళ్ళపాటు మేం నీకు తిండిగా దొరుకుతామని రాసివ్వాలి."

"అంతే బసవయ్య బాబాయ్."

"రాసిస్తానమ్మాయ్, నాకేం పోయింది? ఒక చిన్న షరతు. ఆ మూడేళ్ళూ మా పాముల్లో ఎవర్నీ ముట్టకూడదు. ముట్టావో, కాగితం వెనక్కి తీసుకుంటాను. నీ అప్పు రద్దు, ఇల్లు వెనక్కి."

పేరిందేవికి బుర్ర తిరిగింది. దూరంగా ఒక ఉరుము ఉరిమింది. పిల్లలు గుర్తొచ్చారు. ముందు ఇల్లు చేతికి రానీ, తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం అనుకుంది. అప్పుకి వెళ్ళే ప్రతివాడూ అనుకునే మాటే అది.

బసవయ్య ఆ షరతు రాసి ఆవిడ చేత కాలిముద్ర వేయించుకుని, ధ్రువపత్రం మీద తన తోకముద్ర వేశాడు. శంభులింగం గారు ఆ ధ్రువపత్రాన్ని మూడుసార్లు చదివి, "ఇంత నిండైన ఫైలు నా సర్వీసులో చూడలేదు," అని మురిసిపోయాడు.

ఇల్లు వచ్చింది. మొదటి వాన పడ్డ రోజున, గుమ్మం దాటి ఒక్క చుక్క కూడా లోపలికి రాకపోవడం చూసి పేరిందేవి ఏడ్చేసింది.

తర్వాత వాయిదాలు మొదలయ్యాయి. పాముని ముట్టకుండా పాముని కట్టాలి. పేరిందేవి నత్తలు, పురుగులు తిని బతికింది. వాయిదాకి కూడా అవే పట్టుకెళితే రాబందులు పుచ్చుకోలేదు. మూడో నెలలో మళ్ళీ శంభులింగం గారి ముందు నిలబడింది.

"మీరడిగిన కాగితం కోసమే నా చేతులు కట్టేసుకున్నానండి."

"చూడమ్మా, నీకు తీర్చే శక్తి ఉందని ఫైల్లో రుజువైపోయింది. ఉండి కూడా తీర్చడం లేదంటే అది ఒళ్ళు కొవ్వెక్కడమే."

పేరిందేవి పక్కటెముకలు దూరం నుంచి కూడా లెక్కపెట్టొచ్చు. కానీ ఫైల్లో పక్కటెముకలకి గడి లేదు.

ముసురు పట్టిన రోజున ఇల్లు జప్తు చేశారు. వేలంలో బసవయ్యే పాడుకున్నాడు. మూడేళ్ళు తనవాళ్ళకి ప్రాణభయం లేదని ముంగిస ముద్ర వేసిన షరతు కాగితం చూపించి అప్పు కూడా తెచ్చుకున్నాడు. రెండు కాగితాలూ శంభులింగం గారి బల్ల మీదే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చదవమని చట్టంలో లేదు.

ఇల్లు పోవడంతో ఒప్పందమూ పోయింది. పేరిందేవి ఒక బండ కింద తడుస్తూ, పిల్లల్ని పొట్ట కింద దాచుకుని, మళ్ళీ వేటకి దిగింది.

వారం తిరక్కుండా శంభులింగం గారు రొప్పుకుంటూ వచ్చాడు. "అమ్మా పేరిందేవీ! ఆ బసవయ్య కొత్తింట్లోంచి సరాసరి మా చెట్టెక్కేశాడు. రెండు గుడ్లు మింగేశాడు. ఒక్కటే మిగిలింది. వచ్చి వాణ్ణి పట్టవమ్మా, నీకు పుణ్యముంటుంది!"

"పట్టగలనండి."

"మరి రా!"

"పట్టగలనని నేనంటే సరిపోతుందా? బసవయ్య బాబాయి సంతకం పట్టుకురండి."

కడుపు మండి అన్న మాట అది. పిల్ల పోతే ఎలా ఉంటుందో తెలిసిన తల్లి కాబట్టి, అంటూనే లేచి నిలబడింది కూడా. కానీ శంభులింగం గారి ముఖం అప్పటికే వికసించింది. ఇంతసేపటికి ఆయనకి అర్థమయ్యే మాట వినబడింది. ఒక తెల్లకాగితం తీసుకుని చెట్టు వైపు ఎగిరిపోయాడు.

గూడు చుట్టూ చుట్టుకుని ఉన్న బసవయ్య ఆ కాగితాన్ని తీరిగ్గా చదివాడు.

"పెడతాను శంభులింగం గారూ, దానికేం భాగ్యం," అన్నాడు మూడో గుడ్డు వైపు చూస్తూ. "ఒక చిన్న షరతు."

నీతి కావాలంటే ఇదిగో: అప్పు తీర్చగలమని రుజువు చేసుకోండి, తప్పులేదు, కానీ తీర్చడానికి కూడా కాస్త శక్తి మిగుల్చుకోండి.